చూడి గొర్రెలూ మూడు సమీకరణాలూ

నాకు లెక్కలంటే ఎన్నడూ భయం లేదు. గొప్పలు చెప్పుకుంటోందంటారేమో, అననివ్వండి. మక్తల్ దగ్గరి మా ఊళ్లో, గొర్రెలు కాసే ఇంట్లో పుట్టిన నేను ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే నవ్వనివాళ్లు లేరు. ఎక్స్, వై, జడ్ అనే తెలియని సంఖ్యలు మూడు, సమీకరణాలు మూడు ఇస్తే మాత్రం క్లాసులో అందరికన్నా ముందు లేచేది నా చెయ్యే.

ఆ ఏడు తొలకరికి ముందు నట్టల మందు తాగించాల్సిన చూడి గొర్రెలు మా మందలో మూడున్నాయి: నల్లది, బొల్లిది, చెవి కోసినది. బరువు చూసే తాగించమన్నాడు పశువుల డాక్టరు. తక్కువైతే నట్టలు చావవు, ఎక్కువైతే కడుపులో పిల్లకు ముప్పు. కిందటేడు నాయిన కంటి అంచనాతో తాగిస్తే ఒక గొర్రె కడుపులోని పిల్లను పోగొట్టుకుంది. అప్పట్నుంచి సీసా పట్టుకోవాలంటేనే ఆయనకు చేతులాడేవి కావు. ఆ మనిషిని అట్లా చూడటం నాకు కష్టంగా ఉండేది.

పత్తి తూచే కాంటా అడిగి తెచ్చాం. చూడి గొర్రెను పొట్ట నొక్కి ఎత్తుకుని తూచకూడదు. దాన్నే కాంటా పలక మీద నిలబెడదామంటే ఒంటరిగా క్షణం నిలవదు, దూకేస్తుంది. పక్కన ఇంకోటి ఉంటే మాత్రం ఎంతో బుద్ధిగా నిలబడుతుంది.

"జతలు జతలుగా తూద్దాం నాయినా. ఒక్కోదాని బరువు నేను తీస్తా," అన్నాను.

"రెండిటిని తూసి ఒకదాని బరువు ఎట్ల చెప్తవ్?"

"చూడు నువ్వు!"

నల్లదీ బొల్లిదీ డెబ్బై మూడు కిలోలు. బొల్లిదీ చెవి కోసినదీ అరవై ఎనిమిది. చెవి కోసినదీ నల్లదీ డెబ్బై ఐదు. అన్నీ కలిపితే రెండు వందల పదహారు. ప్రతి గొర్రే రెండుసార్లు ఎక్కింది కాబట్టి అందులో సగం, నూట ఎనిమిది, మూడింటి బరువు. దాంట్లోంచి ఒక జతను తీసేస్తే మిగిలేది మూడోదాని బరువు. నల్లది నలభై, బొల్లిది ముప్పై మూడు, చెవి కోసినది ముప్పై ఐదు.

నాయిన తల అడ్డంగా ఊపాడు. "బొల్లిదాని కంటె చెవి కోసింది బరువా? ఎన్నటికి కాదు."

నాకు చర్రున కోపం వచ్చింది. కాగితం మీద మళ్లీ చేశాను. మళ్లీ అదే వచ్చింది.

నాయిన కాగితం వైపు చూడనే లేదు, గొర్రెలనే చూస్తున్నాడు. "నడుమల గా నల్లది తొట్టి కాడికి పోయి కడుపునిండ నీళ్లు తాగొచ్చింది గదనే. తాగకముందు గొర్రె, తాగినంక గొర్రె ఒక్కటేనా?"

నీళ్లు తాగింది నల్లది, తప్పింది మూడింటి లెక్క. మూడు సమీకరణాల్లోనూ ఎక్స్ ఒకే ఎక్స్ అయి ఉండాలని నాకెవరూ చెప్పలేదు, అందరికీ తెలిసిందే అనుకుంటారు కాబోలు. సిగ్గేసింది. అయినా నా పద్ధతిని వదిలేది లేదనుకున్నాను.

మర్నాడు పొద్దున, వాటిని నీళ్లకు వదలకముందే, మూడు జతలనూ మళ్లీ తూచాం. మొదటి రెండూ పాతవే వచ్చాయి. మూడో జత డెబ్బై ఒకటి. నల్లది ముప్పై ఎనిమిది, బొల్లిది ముప్పై ఐదు, చెవి కోసినది ముప్పై మూడు.

నాయిన ఒక్కోదాని వీపు మీద చెయ్యి వేసి చూశాడు. సీసా మూత తీసి, బొల్లిదాని మూతి పైకెత్తి పట్టుకుని, నా వైపు తిరిగాడు.

"చెప్పు బిడ్డా, ఎంత పొయ్యాలె?"