కంబళిలో ఐసుగడ్డ

మూఢనమ్మకాల మీద ఇరవై ఏళ్లుగా గొంతు చించుకుంటున్నవాణ్ణి. ఈ రోజు పత్తికొండ బడిలో ఉపన్యాసానికి పిలిస్తే వెళ్లాను. నాకంటే ముందు కొత్త పంతులమ్మ పాఠం మొదలుపెట్టింది. కర్నూలు నుంచి రంపపు పొట్టులో తెప్పించిన ఐసుగడ్డలు రెండు ఎండలో పెట్టింది. ఒకదానికి మాత్రం కంబళి చుట్టింది. ఏది ముందు కరుగుతుందని అడిగింది.

"కంబళిలోదే! కంబళి వేడి కదా!" పిల్లలకంటే ముందు నేనే అరిచాను.

గొర్రెలు కాసే ఇంటి ఆరేళ్ల పిల్ల లేచింది. "కాదు మామా! మా నాయన ఎండకి గూడా అదే కప్పుకుంటాడు. ఎండ లోపలికి రాదంట."

కాసేపటికి విప్పి చూస్తే కంబళిలోది గట్టిగానే ఉంది, బయటిది నీళ్లయింది. పిల్లలు ఎందుకు, ఎందుకని పంతులమ్మను చుట్టుముట్టారు. ఇన్నేళ్ల నా సభల్లో ఒక్కరూ అలా అడగలేదు. కడుపు మండిపోయింది. ఆ పాఠంలో తప్పేదైనా ఉంటే దయచేసి చెప్పండి. సాయంత్రం దాకా వెతికాను, నాకు దొరకలేదు.