కాంపౌండరుగారి నాలుక

ఆస్పత్రి మందుల గది కిటికీ వెనక ముప్పై నాలుగేళ్లు నిలబడిన మనిషి ఆయన. కిటికీకి ఇవతల వరసలో నిలుచున్నవాళ్లకు ఆయన ముఖం కంటే చేతులే బాగా తెలుసు. కాగితాన్ని మూడు మడతల్లో పొట్లం చేసే చేతులు, సీసాను కంటికి సమంగా ఎత్తి, మందు గీత దాకా వచ్చేవరకు గాలిలో కదలకుండా పట్టుకునే చేతులు. వెనకాల అందరూ ఆయన్ని “డోసుగారు” అనేవారు. ఎప్పుడైనా చెవిన పడితే ఆయన కోప్పడేవారు కాదు. “డోసు కాదు, మోతాదు” అని సరిదిద్దేవారు.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజున పెద్ద కాంపౌండరు ఆయనకు ఒకే ఒక్క సూత్రం ఉపదేశించాడు. “మందు కలిపేవాడి నాలుక బీరువాలో ఉండాలోయ్. చెయ్యి కలుపుతుంది, కన్ను కొలుస్తుంది. నాలుకకి ఇక్కడ ఉద్యోగం లేదు.” శిష్యుడు ఆ మాట అక్షరాలా పాటించాడు. పిల్లలు ఏడ్చి మరీ తాగే తియ్యటి దగ్గు మందు కూడా ఏనాడూ ఒక చుక్క నోట వేసుకోలేదు. రిటైరయ్యాక కూడా ఆ వ్రతం సడలలేదు. ఇంట్లో భార్య పొయ్యి మీది గరిటె పట్టుకొచ్చి “కాస్త ఉప్పు చూడండి” అంటే, కళ్లజోడు సర్దుకుని నిజంగానే చూసేవారు. చూసి, “రంగు బాగానే ఉంది” అని తీర్పు చెప్పేవారు.

ఆవిడ దర్జీ. ముందు గదిలో కుట్టుమిషను, గోడకు నిలువుటద్దం, మెడలో టేపు. టేపు కేవలం ఆభరణం. వచ్చిన మనిషిని పైనుంచి కిందికి ఒక్కసారి చూసి గుడ్డ మీద కత్తెర పెట్టేది. ఎవరి భుజమూ పట్టేసిందీ లేదు, ఎవరి చెయ్యీ పొడుగైందీ లేదు. కొలవనిదే నమ్మని ఆయనా, కొలిస్తే నమ్మని ఆవిడా ముప్పై ఏళ్లుగా ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నారు. ఇదెలా సాధ్యమో శాస్త్రం ఇంకా తేల్చలేదు.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో ఆవిడకు జ్వరం వచ్చింది. మూడు వారాలు మకాం వేసి, పోతూ పోతూ ఆకలిని కూడా వెంట తీసుకుపోయింది. నాలుగు ముద్దలు తినేది. ఐదో ముద్దను పట్టుకుని, ఎప్పుడో చూసిన చుట్టాన్ని పోల్చుకోలేనట్టు దాని వంక చూసి, మెల్లగా పళ్లెంలో దింపేసేది. డాక్టరు బరువు చూసి, “సోమవారం దాకా చూద్దాం. అప్పటికి తిండి మొదలవకపోతే ఆస్పత్రిలో చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందే” అన్నాడు. ఆ గొట్టాలు కిటికీలోంచి ఎన్ని వందలు అందించారో ఆయనకు లెక్కే లేదు. అవి ఎవరో ఒకరి ముక్కులోకి వెళతాయన్న సంగతి మాత్రం ఆ రోజే మొదటిసారి తెలిసినట్టయింది.

“నీకేం తినాలనుంది? ఏదైనా చెప్పు” అని అడిగారు.

ఆవిడ కిటికీ లోంచి ఎటో చూస్తూ, నిద్రలో మాట్లాడినట్టు చెప్పింది. “సముద్రం పక్కన కట్టెల మీద ఉడికిన అన్నం. పొగ వాసన రావాలి. మీరు వండాలి.”

చివరి మాట ఎందుకన్నదో ఆవిడకే తెలియదు. ఆయన మాత్రం దాన్ని మందుల చీటీగా స్వీకరించారు. చీటీలో రాసింది మార్చే హక్కు కాంపౌండరుకు లేదు.

శనివారం సాయంత్రానికి ముగ్గురూ సముద్రం పక్కనున్న పార్కులో తేలారు. మూడో మనిషి ఆవిడ తమ్ముడు, సిటీ బస్సు డ్రైవరు. డేరా అతనిది, కారు అతని స్నేహితుడిది, నోరు మాత్రం అచ్చంగా అతని సొంతం.

గేటు దగ్గర కాపలాదారు చీటీ చింపి ఇస్తూ చెప్పాడు. “రాళ్ల గుండ్రంలోనే నిప్పు పెట్టాలి సార్. ఏడున్నరకి నేనొస్తాను, ఆర్పెయ్యాలి. గాలి తిరుగుతుంది.”

సరుగుడు చెట్ల కింద ఇసుక మెత్తగా, రోజంతా తాగిన ఎండతో ఇంకా గోరువెచ్చగా ఉంది. మడత కుర్చీలో దుప్పటి కప్పుకుని ఆవిడ కూర్చుంది. సముద్రం కనిపించీ కనిపించనట్టు, చెట్ల సందుల్లోంచి ఎవరో పక్కగదిలో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తోంది. ఆవిడ కళ్లు మూసుకుపోతున్నాయి, తెరుచుకుంటున్నాయి. మూసుకున్నప్పుడూ తెరుచుకున్నప్పుడూ ఒకటే దృశ్యం: బూడిదరంగు నీళ్లు, వాటి మీద కాషాయం వెలుగు, ఆ వెలుగులో వంగుని ఏదో వెతుక్కుంటున్న భర్త.

ఆయన సంచిలోంచి సరంజామా తీస్తున్నారు. బియ్యం ఒక సీసాలో. ఉల్లిపాయ, టమాటా, బంగాళాదుంప ముక్కలు మూడు డబ్బాల్లో, ఇంట్లోనే తూచి తరిగినవి. నూనె సీసా మీద “వాడే ముందు బాగా కుదుపవలెను” అని చీటీ. కారం, పసుపు, ఉప్పు మూడు మడతల పొట్లాల్లో. ఉప్పు పొట్లాలు రెండు. ఒకటి వాడకానికి, రెండోది మొదటిది ఒలికిపోతే.

“బావగారూ, ఇవి పొద్దున్నే పరగడుపున వేసుకోవాలా, భోంచేశాకా?” అన్నాడు తమ్ముడు.

“నువ్వు కట్టెలు పేర్చు.”

“పేర్చాను. మీరు అగ్గిపుల్ల కూడా కొలిచి తెచ్చారేమోనని చూస్తున్నా.”

వంటల పుస్తకంలో ప్రతి పదార్థానికీ అంకె ఉంది, ఒక్క ఉప్పుకు తప్ప. అక్కడ “తగినంత” అని ఉంది. ఆ మాట దగ్గర కాంపౌండరుగారు రెండు రోజులు ఆగిపోయారు. ఎవరికి తగినంత? ఎంత బరువున్న మనిషికి? ఆఖరికి ముగ్గురి బరువూ కలిపి, ఆవిడ బలహీనత తీసేసి, జాగ్రత్త కోసం ఇంకాస్త తగ్గించి, పొట్లం కట్టారు. అన్నం కూడా అలాగే లెక్కగట్టారు. ఆవిడకు నాలుగు ముద్దలు, ధైర్యం చేసి ఇంకో రెండు. బావమరిదికి ఒక పళ్లెం, తనకు ఒకటి. మిగలకూడదు, తరగకూడదు.

నిప్పు మాత్రం ఏ లెక్కకీ లొంగలేదు. ముందు పొగ వచ్చింది, తర్వాత ఇంకా ఎక్కువ పొగ వచ్చింది. ఆయన కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుంటే పొగ మళ్లీ దాని మీదే కూర్చుంది. బస్సు డ్రైవరు మోకాళ్ల మీద కూర్చుని, హారన్ కొట్టేటంత శ్రద్ధగా ఊదాడు. మంట లేచింది. గిన్నె ఎక్కింది. ఉల్లిపాయల వాసన పొగతో కలిసి చెట్ల కిందుగా, ఇసుకకు బెత్తెడు ఎత్తున, పాకుతున్నట్టు వెళ్లి ఆవిడ కుర్చీ దాకా వచ్చింది. ఆవిడ కళ్లు తెరవకుండానే ముక్కు ఎగబీల్చింది. ఆయన అది చూశారు.

ఉడికింది. మూత తీశారు. కంటికి అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఆవిడ పళ్లెంలో ఆరు ముద్దలకు సరిపోయే అన్నం పెట్టి, రెండు చేతులా అందించి, ఎదురుగా ఇసుకలో కూర్చున్నారు. అంతకంటే వినయంగా ఆయన పెళ్లిచూపుల్లో కూడా కూర్చోలేదు.

ఆవిడ ఒక ముద్ద తింది. నమిలింది. మింగింది. పళ్లెం ఒళ్లో దింపేసింది.

నాలుగు కూడా కాదు. ఒకటి.

“అక్కా, ఏమైంది?”

ఆవిడ భర్త వంక చూసింది. “ఏమండీ, ఉప్పు చూశారా?”

“చూశాను. పొట్లం మొత్తం వేశాను. చీటీ ఇదిగో.”

“అది కాదండీ. నోట్లో వేసుకుని చూశారా?”

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. తమ్ముడికి విషయం అర్థమై, తన పళ్లెంలోంచి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ముఖాన్ని సముద్రం వైపు తిప్పుకున్నాడు. “బావగారూ, ఆస్పత్రిలో పెట్టే అన్నం దీనికంటే కొంచెం కారంగా ఉంటుంది” అన్నాడు.

ఆవిడ పళ్లెం భర్త చేతికిచ్చి లేచింది. వారం రోజులుగా ఆసరా లేకుండా లేవని మనిషి, కుర్చీ చేతుల మీద ఆనుకుని, దుప్పటి భుజం నుంచి జారుతుంటే, ఇసుకలో నాలుగడుగులు వేసి గిన్నె దగ్గరకొచ్చి కూర్చుంది. గరిటె అంచుతో అడుగునున్న రసం కొంచెం తీసుకుంది.

“చెయ్యి పట్టండి.”

“కాలుతుంది.”

“కాలనివ్వండి. పట్టండి.”

అరచేతిలో రెండు చుక్కలు పడ్డాయి. నిప్పు వెలుగులో అవి తేనెలా మెరిశాయి. ముప్పై నాలుగేళ్లు ఎన్నో రంగుల నీళ్లు దాటిపోయిన ఆ చేతిని ఆయన నోటి దాకా తీసుకెళ్లి, ఒక్క క్షణం ఆగి, నాకారు.

“ఎలా ఉంది?” అంది ఆవిడ.

ఆయన మాట కోసం వెతుక్కున్నారు. కిటికీ వెనక ఇలాంటి వాటికి పేర్లు లేవు. “తెల్ల కాగితంలా ఉంది” అన్నారు చివరికి.

ఆవిడ నవ్వింది. జ్వరం వచ్చాక అది మొదటి నవ్వు. నవ్వు చిన్నదే గాని దగ్గు దాకా వెళ్లింది.

“రెండో పొట్లం విప్పండి.”

“ఎంత వెయ్యను?”

“నన్నడుగుతారేంటి? నోరు మీదే కదా.”

ఆయన ఆవిడ పళ్లెంలోని అన్నం తిరిగి గిన్నెలో వేసి, ఉప్పు చిటికెడు వేశారు. కలిపారు. చేతిలో వేసుకుని చూశారు. చాలలేదు. మళ్లీ చిటికెడు. పొగ కళ్లలోకి వచ్చింది, గాలి తిరిగి పొగను సముద్రం మీదికి తోసుకుపోయింది. మూడోసారి నాలుక మీద పడ్డప్పుడు ఆయన కనుబొమలు లేచాయి. దుంప దుంపలా ఉంది, టమాటా పుల్లగా ఉంది, అన్నింటి వెనకా పొగ సన్నగా నిలబడి ఉంది. ఇంతకాలం ఇంట్లో ఇలాంటివే తిన్నారు కాబోలు. ఎప్పుడూ గమనించలేదు.

“ఇప్పుడు?” అంది ఆవిడ.

“నువ్వే చూడు” అని ఆవిడ పళ్లెంలో మళ్లీ పెట్టారు.

అప్పుడే కాపలాదారు టార్చి ఊపుకుంటూ, నీళ్ల బకెట్టుతో వచ్చాడు. “ఏడున్నర సార్. ఆర్పెయ్యాలి.”

“అన్నా, నువ్వు ఏ బస్సెక్కి ఇంటికెళ్తావ్?” అని బస్సు డ్రైవరు లేచి అతని భుజం మీద చెయ్యేశాడు. తర్వాత ఆ దారిలో తిరిగే బస్సుల గురించీ, వాటి బ్రేకుల గురించీ అతను చెప్పినవి ఏ డిపో ఒప్పుకోదు.

ఆవిడ గిన్నె దగ్గరే, ఇసుకలోనే కూర్చుని తినసాగింది. ఆయన లెక్కపెట్టారు. మూడు. నాలుగు. నాలుగు దగ్గర ఊపిరి బిగబట్టారు. ఐదో ముద్దను ఆవిడ చూడనైనా చూడలేదు, నేరుగా నోట్లోకి వెళ్లింది. ఆరు. ఆ తర్వాత పళ్లెంలో ఏమీ లేదు.

“ఇంకొంచెం పెట్టండి.”

ఆయన గిన్నెలోకి చూశారు. అక్కడున్నది తన వాటా. తీసి పెట్టేశారు.

“మీకో?”

“నాకు ఆకలి లేదు.” ఆయన కడుపు అప్పుడే పెద్దగా, స్పష్టంగా అభ్యంతరం తెలిపింది.

“అబద్ధం కూడా చేతకాదు మీకు” అంటూనే ఆవిడ అదీ తినేసింది. వేళ్లు నాకి, గిన్నెను తన వైపు లాక్కుంది.

“అందులో ఏం లేదే. అడుగంటింది. మాడింది.”

“నాకు తెలుసు, వాసనొస్తోంది. అదే కావాలి.”

బస్సుల కథ అయిపోయి కాపలాదారు మళ్లీ వచ్చాడు. బకెట్టు ఎత్తబోయి ఆగాడు. ఎర్రబడ్డ నిప్పుల పక్కన దుప్పటి చుట్టుకున్న ఒకావిడ, గిన్నెను ఒళ్లో వంచుకుని, చెంచాతో అడుగు గీకుతోంది. పక్కన ఆమె భర్త గిన్నె కదలకుండా అంచు పట్టుకున్నాడు. కర్ర్, కర్ర్ మని చప్పుడు. చెట్ల అవతల సముద్రం.

“తొందరేం లేదమ్మా” అని కాపలాదారు బకెట్టు ఇసుకలో దింపి, దాని పక్కనే కూర్చున్నాడు.