ఉత్సవాల వారం, కొండ దిగిన చిరుత

మా విశ్వవిద్యాలయం తన పుట్టినరోజు పండుగకు ముస్తాబవుతున్న రోజుల్లోనే ఆవరణలో కుక్కలు కనిపించకుండా పోవడం మొదలైంది.

నేనుండే క్వార్టర్సు చివరి వరసలో ఉండేది. వెనక ప్రహరీ గోడ, గోడ అవతల కంపచెట్లు, ఆపైన శేషాచలం కొండ. పొద్దున పాల ప్యాకెట్ల కోసం తలుపు తీస్తే, మెట్ల మీద పడుకుని ఉండే గోధుమరంగు కుక్క లేచి ఒళ్ళు విరుచుకునేది. ఒకరోజు అది లేదు. తర్వాత క్యాంటీన్ దగ్గర తిరిగే తల్లికుక్క, దాని పిల్లలు కూడా లేవు. వెనక గేటు దగ్గర కాపలా ఉండే సెక్యూరిటీ అతన్ని అడిగాను.

"మున్సిపాలిటీ వాళ్ళు పట్టకపోయినారేమో మేడమ్" అన్నాడు. అంటూనే కొండ వైపు చూశాడు.

నా చేతినిండా పని ఉంది. ఈ విశ్వవిద్యాలయం గోడలు లేవక ముందు, ఊళ్ళో సత్రాల గదుల్లో, రేకుల షెడ్లలో పాఠాలు జరిగిన కాలంలో, దానికి అండగా నిలిచిన కుటుంబాలను వెతికి పిలవడం నా వంతు. రాళ్ళు తోలడానికి ఎద్దులబండ్లు పంపిన రైతులు, పేద పిల్లలకు వారాలు పెట్టి చదివించిన తిరుపతి ఇళ్ళవాళ్ళు, ఏటా హాస్టలుకు మామిడిపండ్లు పంపే పాత విద్యార్థులు. చాలామంది పోయారు. పోయినవాళ్ళ పిల్లల ఇళ్ళకు వెళ్ళి, పాత ఫొటోలు అడిగి తెచ్చి, హాల్లో గోడ పొడుగునా పెట్టించాను. ఒక ఫొటోలో బోడి మైదానం, మధ్యలో పంచెలు ఎగ్గట్టిన పదిమంది కుర్రాళ్ళు, వాళ్ళ వెనక ఇప్పుడున్నట్టే కొండ. ఆ ఫొటో ముందు నిలబడినప్పుడల్లా నా కళ్ళు కుర్రాళ్ళ మీద కాక వెనకనున్న నల్లటి కొండ మీదికే పోయేవి.

ఆ పదిమందిలో ఒకాయన మా హెడ్మాస్టరు. ఐరాల దగ్గర మా ఊరి బడిలో నాకు పాఠం చెప్పినవాడు. నాకు పదిహేడేళ్ళప్పుడు, "ఆడపిల్లకు తిరపతిలో సదువేంది సారూ" అని మా నాయన అడ్డం తిరిగితే, మా ఇంటి అరుగు మీద కూర్చుని పొద్దుగూకేదాకా లేవలేదాయన. చివరికి మా నాయనే దిగివచ్చాడు. హెడ్మాస్టరే నన్ను బస్సెక్కించి తీసుకొచ్చి ఇక్కడ చేర్పించాడు. నన్నొక్కదాన్నే కాదు. మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎందరు ఆడపిల్లలను అట్లా చెయ్యి పట్టి తెచ్చాడో ఆయనకే లెక్క తెలియదు. అందుకే సన్మానాల్లో ఆయన పేరు నేనే ముందు పెట్టించాను.

ఉత్సవానికి పదిరోజుల ముందు అటవీశాఖ వాళ్ళు వచ్చి చెట్లకు కెమెరాలు కట్టిపోయారు. రెండు రోజులకే ఒక కెమెరాలో చిరుత బొమ్మ పడింది. కొండ కింద పాడుబడిన పాత హాస్టలు పక్క దారిలో, తల వంచుకుని, సొంత పెరట్లో నడిచినట్టు నడుస్తోంది. ఉత్సవాల బాధ్యతంతా చూసే మా విశ్వవిద్యాలయం అధికారి ఆ బొమ్మను ఫోన్లో చూపించి, ఫోను జేబులో పెట్టుకుంటూ అన్నాడు:

"ఇది ఈ గది దాటి పోకూడదు. ఉత్సవం అయిపోనీ. తర్వాత చెబుదాం."

"పిల్లలు సాయంకాలాలు అటే తిరుగుతారు సార్. నాటకాల రిహార్సళ్ళు కూడా అటువైపే" అన్నాను.

"బోను పెడుతున్నారు. పడుతుంది. ఎక్కడెక్కడి నుంచో పాత విద్యార్థులు వస్తున్నారు. ఇప్పుడు చిరుత అంటే హాలు సగం ఖాళీ అవుతుంది. మీరు పిలిచిన ముసలివాళ్ళు మొదట పారిపోతారు."

నేను ఒప్పుకోలేదు. మర్నాడు నా క్లాసులో పిల్లలకు చెప్పేశాను. కొండ వైపు పోవద్దు, సాయంత్రం గుంపుగా తప్ప కదలొద్దు అన్నాను. కొందరు బెదిరారు, కొందరు నవ్వారు. నా క్లాసు బయట ఉన్న వేలమందికి ఆ మాట చేరలేదు. చేరినా పుకారుగానే చేరింది. క్యాంటీన్లో ఒక కుర్రాడు చిరుతలా గుర్రుమని తోటివాళ్ళను భయపెట్టడం, అందరూ పగలబడి నవ్వడం నేను చూశాను. అయిదారు రోజులు గడిచాయి. బోనులో చిరుత పడలేదు. లోపల ఎరగా కట్టిన మేక అరిచి అరిచి గొంతు పోయి గమ్మునైంది.

ఉత్సవానికి ముందురోజు హెడ్మాస్టరూ ఆయన భార్యా వచ్చారు. గెస్ట్‌హౌస్‌లో దించాను. ఎనభై దాటిన మనిషి. చేతికర్ర ఉంది కానీ వెన్ను నిటారే. కాఫీ చేతికిచ్చి, చిరుత సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. దాచమన్నారని కూడా చెప్పాను.

ఆయన కాఫీ తాగలేదు. "పిల్లోళ్ళకు చెప్పలేదా?" అన్నాడు.

"నా క్లాసు వాళ్ళకు చెప్పినాను సార్."

"మిగిలినోళ్ళకు?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నాకు పాత హాస్టలు ఒకసారి సూడాలని ఉన్నింది. ఇంక వద్దులే" అన్నాడు.

ఉత్సవం రోజు పొద్దుటి నుంచే మబ్బు పట్టింది. కొండ పైభాగం కనిపించలేదు. హాలు నిండింది. గేటు దగ్గర అరటి బోదెలు, లోపల దీపాల తోరణాలు, వేదిక మీద పట్టుశాలువల గుట్ట. ఉపన్యాసాలు మధ్యాహ్నం దాటినా తెగలేదు. విశ్వవిద్యాలయం ఎంతమందికి అన్నం పెట్టిందో, ఎన్ని కొంపల్లో దీపం వెలిగించిందో ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. అవన్నీ నిజాలే. నా బతుకే దానికి సాక్ష్యం. అయినా నాకు ఆ మాటలు ఒంటికి పట్టలేదు. తలుపు దగ్గర నిలబడి వచ్చేవాళ్ళను, పోయేవాళ్ళను చూస్తూ ఉన్నాను. నాలుగు గంటలకే సాయంత్రం ఆరైనంత చీకటిగా ఉంది. గాలి లేదు. నెమళ్ళు మాత్రం ఎక్కడో ఆగకుండా కూస్తున్నాయి.

సన్మానాలు మొదలయ్యాయి. మైకులో హెడ్మాస్టరు పేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచారు. ముందు వరసలో ఆయన కుర్చీ ఖాళీ. పక్కన ఆయన భార్య చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పరుగున వెళ్ళి వంగి అడిగాను.

"సార్ యాడమ్మా?"

"మే పాపా, ఆ కిటికీలో నుంచి సూసినాడు. డాన్సు బట్టలేసుకోని ఇద్దరాడపిల్లోళ్ళు పాత హాస్టలు పక్కకు పోతా ఉన్నారంట. ఫొటోలు తీసుకునేదానికేమో. వాళ్ళకు తెలిసినట్టు లేదు, పిల్చుకోనొస్తానని లేసి పోయినాడు."

"ఎంతసేపైందమ్మా?"

"శానాసేపైంది. నేను పోవద్దంటే యినలేదు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. పైట కొంగు మాత్రం రెండు చేతులా మెలిపెడుతోంది.

బయటికి ఉరికాను. వెనక గేటు సెక్యూరిటీ అతను జీపు దగ్గర ఉన్నాడు. "పాత హాస్టలుకు" అంటూ ఎక్కాను, నా ముఖం చూసి వెంటనే బండి తీశాడు. పాత హాస్టలు దారిలో వీధిదీపాలు లేవు. రెండు పక్కలా వేపచెట్లు. ఎప్పుడూ ఆ చెట్ల నిండా ఉండే కోతులు ఆ రోజు చిటారు కొమ్మలకు ఎక్కి కూర్చున్నాయి. ఒక్కటీ కదలడం లేదు. అన్నీ ఒకే వైపు చూస్తున్నాయి.

పాత హాస్టలు రాతికట్టడం. పొడుగాటి వరండా, గదులకు తలుపులు ఊడిపోయి చాలాకాలమైంది. వరండా మెట్ల మీద ఒక ఫోను వెల్లకిలా పడి ఉంది. దాని పక్కన చేతికర్ర. నేను జీపు తలుపు మీద చెయ్యి వేశాను.

"దిగొద్దండి మేడమ్" అన్నాడు సెక్యూరిటీ అతను, పెదవులు కదపకుండా.

అప్పుడే లోపల, మూసిన ఒక తలుపు సందులోంచి హెడ్మాస్టరు గొంతు వినిపించింది. మా బడిలో లెక్కలు చెప్పిన గొంతే, అంతే నిదానంగా. "మే, దిగొద్దు. పైన సూడు."

పైకి చూశాను. వరండా కప్పు అంచున, గొంతు వినిపించిన గదికి సరిగ్గా పైన, చిరుత పడుకుని ఉంది. తోక కిందికి వేలాడుతోంది. మమ్మల్ని చూసి తల కూడా ఎత్తలేదు. దాని చూపు తలుపు ముందున్న జాగా మీదే ఉంది. లోపలున్నవాళ్ళు ఎప్పటికైనా బయటికి రావాల్సిందేనని దానికి తెలిసినట్టే ఉంది.

సెక్యూరిటీ అతను హారన్ మీద అరచెయ్యి నొక్కిపెట్టాడు. ఆ మోతకు చెట్లమీది కాకులన్నీ లేచాయి. చిరుత లేవలేదు. చెవులు మాత్రం వెనక్కి పెట్టింది. అతను లైట్లు వేసి, బండిని మెట్ల దాకా ఉరికించాడు. అప్పుడు లేచింది. తొందరేమీ లేకుండా ఒళ్ళు సాగదీసి, మా వైపు ఒకసారి చూసి, కప్పు వెనక్కి నడిచి కనబడకుండా పోయింది. దిగిన చప్పుడు కూడా రాలేదు. అందుకే అది నిజంగా పోయిందో లేదో మాకు తెలియలేదు.

తలుపున్న గది అదొక్కటే. విరిగిన బెంచీలు దాచే గది. లోపల బెంచీలు జరిపిన చప్పుడు, తర్వాత తలుపు తెరుచుకుంది. ఇద్దరు అమ్మాయిలు, పట్టుచీరల కుచ్చిళ్ళ నిండా దుమ్ము. వాళ్ళ కాళ్ళకు గజ్జెలు లేవు. అవి హెడ్మాస్టరు తువ్వాల్లో మూటగట్టి ఆయన చంకలో ఉన్నాయి.

"సప్పుడు కాకూడదని విప్పించినాను" అన్నాడాయన. వాళ్ళను ముందు జీపెక్కించి, తను ఆఖరున ఎక్కాడు. దారిపొడుగునా చిన్నమ్మాయి పళ్ళు టకటక కొట్టుకోవడం అందరికీ వినిపించింది.

హాలు దగ్గర దిగగానే ఉత్సవాల అధికారి ఎదురొచ్చాడు. "సార్, మీకోసమే ఆపినాం. రండి, రండి" అని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నా చెవి దగ్గర మాత్రం, "తర్వాత మాట్లాడదాం, ఇప్పుడేం అనకండి" అన్నాడు. వేదిక మీద శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమని మైకు అందించారు. ఆయన చేతికర్ర అక్కడే ఉండిపోయింది కాబట్టి బల్లను పట్టుకుని నిలబడ్డాడు.

"నేనీడికి సదువుకునేదానికి వచ్చినప్పుడు ఈ హాలు లేదు. ఊర్లో ఇంటింటికీ పోయి అన్నం తినొస్తా ఉంటిమి. అన్నం పెట్టినోళ్ళు పొద్దుగూకితే మమ్మల్ని ఒంటిగా పంపలేదు. లాంతరు పట్టుకోని ఈడిదాకా వచ్చి వదిలిపెట్టి పోతా ఉండ్రి. యాలంటే కొండలో చిరుతుండాదని మాకు చెప్పినారు. దాయలేదు. ఈ కాలేజీకి వాళ్ళు చేసిన సాయాల్లో నాకు అదే పెద్దది."

హాలు చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉంది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఇప్పుడు కూడా ఉండాది. పాత హాస్టలు తావ. నేను సూసొచ్చినాను, ఇదో ఈ ఇద్దరు బిడ్డలూ సూసినారు. వారం నుంచీ ఉండాదంట. ఎవురూ ఆ పక్క పోవద్దండి. పిల్లోళ్ళను హాస్టళ్ళకు బస్సుల్లో పంపించండి. ఒకరినొకరు ఇడిసిపెట్టొద్దండి."

చప్పట్లు లేవు. తర్వాత వెనక వరసల్లో ఎవరో తల్లి తన కూతుర్ని పేరుపెట్టి పిలిచింది. ఆ పిలుపుతో హాలంతా లేచి నిలబడింది. ఎవరి పిల్లలను వాళ్ళు వెతుక్కున్నారు. తొక్కిసలాట కాకుండా పాత విద్యార్థులే తలుపుల దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ బయటికి పంపారు. అధికారులు మొదట లేవన్న బస్సులు అరగంటలో వచ్చాయి.

గెస్ట్‌హౌస్‌కు వెళ్ళాక హెడ్మాస్టరు కుర్చీలో కూలబడ్డాడు. ఆయన భార్య మంచినీళ్ళు తాగించింది. అప్పుడు చెప్పాడు.

"నేను పోయేటప్పటికి ఆ చిన్నబిడ్డ మెట్లమింద నిలబడి నగతా ఉండాది మే, పెద్దది ఫొటో తీస్తా ఉండాది. చిరుత చిన్నదాని ఎనకాల తంబం పక్కనే ఉండాది. ఫొటో తీసే బిడ్డకు కూడా కనపడలా. నేను అరిసింటే వాళ్ళు పరిగెత్తుంటారు. పరిగెత్తింటే... క్లాసులోకి పిల్సినట్టు పిల్సినాను. 'లోపలికి పదండమ్మా' అని. వచ్చినారు."

చిరుత సంగతి బయటికి చెప్పినందుకు నన్ను ఇకమీదటి ఉత్సవాల పనుల నుంచి తప్పించారు. నాకేమీ అనిపించలేదు. ఆవరణంతా హెచ్చరిక బోర్డులు పెట్టారు, దారుల్లో దీపాలు వేశారు, సాయంత్రాలు బస్సు తిప్పారు. ఐరాల నుంచి హెడ్మాస్టరు ఫోన్ చేసినప్పుడు ఒకే మాట అడిగాడు. "ఇప్పుడు పిల్లోళ్ళకు చెప్తా ఉండారా?" చెబుతున్నారన్నాను. "సాలు" అని పెట్టేశాడు.

కొన్నాళ్ళకు బోనులో చిరుత పడింది. జనం ఎగబడి చూశారు. ఫొటోలు తీసుకున్నారు. అధికారులు ఊపిరి పీల్చుకున్నారు. బోనును లారీకి ఎక్కిస్తున్నప్పుడు నేనూ దగ్గరికి వెళ్ళి చూశాను. కప్పు మీద చూసినంత పెద్దదిగా అనిపించలేదు. భయంలో అప్పుడు పెద్దదిగా కనిపించిందేమో అనుకుని, అటవీశాఖ మనిషిని అడిగాను.

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇది వయసులో ఉండే ఆడదమ్మా. పాత హాస్టలు తావ మేం సూసిన అడుగులు దీనివి కావు, ఇంకా పెద్దవి."

మర్నాడు క్లాసులో పాఠానికి ముందు పిల్లలకు ఆ మాట చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.