ఏడాది పాత నేలవేము

నా మనవరాలు తిరుపతిలో మలేరియాకు కొత్త మందు వెతికే చదువు చదువుతోంది. చేరిన మొదటి ఏడే నన్ను ఒక సంచి నేలవేము అడిగింది. పూతలపట్టు దగ్గర మా చేని గట్ల మీద ఆ చేదు మొక్క దండిగా మొలుస్తుంది. జ్వరానికి దాని కషాయం తాగడం మా ఇళ్లలో ఉన్నదే. అయితే రక్తపరీక్షలో మలేరియా అని తేలితే మాత్రలే మింగాలి. నేను మింగినదాన్నే, కషాయంతో లేచి కూర్చోలేదు.

"నీడలోనే ఆరబెట్టినావా అవ్వా?" అని అడిగింది. అవునన్నాను. అది నిజమే. ఎప్పుడు కోశావని అది అడగలేదు.

మొన్నొక ఆదివారం ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"ఏమయింది మే?"

"నీకు చెప్తే ఏం అర్థమవుతాది అవ్వా."

ఒళ్లు మండింది. మూడో తరగతిలో నేను బడి మానేశాను గానీ ఆలోచించడం మానేయలేదు.

"అర్థం కాకుంటే ఇంకోసారి చెప్పు. బస్సు రేప్పొద్దునకు గదా, యాడికి పోతావు?"

అప్పుడు చెప్పింది. మొదటి సంచి ఆకు నుంచి తీసిన సారం ల్యాబులో పెంచిన మలేరియా క్రిములను చంపిందట. అందులో పనిచేసే పదార్థాన్ని విడదీసి, దానికి మార్పులు చేసి, పాత మందులకు లొంగని మలేరియాకు పనికొచ్చేలా తయారుచేయాలని రెండేళ్లుగా తంటాలు పడుతున్నారు. కానీ తర్వాత నేను పంపిన ఏ సంచిలోనూ ఆ గుణం కనబడలేదు.

"మొదటిది నేను కల్పించి రాసినానని మా సార్ అంటాండాడు. రుజువు సూపీకుంటే చదువు ఆపేయమన్నాడు."

"కల్పించినావా?"

"నీ మీద ఒట్టు, లేదు."

"నా మీద ఎందుకు, నీ మీదే పెట్టుకో."

అంటూనే నాకు తట్టింది. చింతపండైనా కందులైనా పాతది అయిపోతేగానీ మా ఇంట్లో కొత్తది ముట్టుకోం. పెరటి పంచలో నీళ్లు కాచే పొయ్యి మీద ఏడాదిగా పొగలో వేలాడుతున్న కట్ట ఉండగా పచ్చిది కోయడమెందుకని, మొదటి సంచిలో దాన్నే కుక్కి ఇచ్చాను. తర్వాత ఇచ్చినవన్నీ కొత్తవి. ఆ మాటే దానికి చెప్పాను.

అది కంచం ముందు నుంచి లేచింది. "ఆ నెల కోసిందేనని పుస్తకంలో రాసినానే. రెండేండ్లు అవ్వా. ఒక్క మాట చెప్పుండొచ్చు గదా."

"ఒక్క మాట అడిగుండొచ్చు గదా."

మర్నాడు దానితో పాటు బస్సెక్కి వాళ్ల సారు గదికి వెళ్లాను.

"పెద్దమ్మా, ఇవి మీకు తెలిసే సంగతులు కావు" అన్నాడాయన.

"తెలీదు సామీ. నా పొయ్యి నాకు తెలుసు. పిల్ల అబద్ధం రాయలేదు. పాత ఆకని నేను చెప్పలేదు. తిట్టాలంటే నన్ను తిట్టు, ఈడనే కూర్చోనుండా."

ఆయన తిట్టలేదు. ఏ కట్టెలు పెడతారు, మంటకు ఎంత ఎత్తున కట్టారు, ఎన్ని నెలలు అని అడిగి కాగితం మీద రాసుకున్నాడు. రెండేళ్లలో నన్ను ఇవి అడిగిన మొదటి మనిషి ఆయనే. అదీ పిల్లను దొంగను చేశాక.

"ఆ పాత ఆకు ఇంకా ఉండాదా?"

"యాడుండాది? అంతా మీరే నూరేసినారు."

చదువు ఆపనవసరం లేదన్నాడు. మొదటి ఫలితం మాత్రం పక్కన పెట్టి, పనంతా మళ్లీ మొదలుపెట్టాలి. ఆ గుణం పొగ వల్ల వచ్చిందో, పాతబడటం వల్ల వచ్చిందో, అసలు తొలిసారే పొరపాటు జరిగిందో తేలాలి.

ఇప్పుడు పొయ్యి మీద ఒక కట్ట, పొగ తగలని కొట్టుగదిలో ఒక కట్ట వేలాడుతున్నాయి. రెంటికీ కోసిన తేదీ చీటీ నేనే రాసి కట్టాను. గీజర్ పెట్టిద్దామన్న కోడలి నోరు మూయించాను. ఏడాది ఆగాలి. జ్వరాలు ఆగుతాయా?

మనవరాలు వారానికోసారి ఫోన్ చేస్తుంది. ఆకు సంగతి అడిగి పెట్టేస్తుంది, తిన్నావా అని కూడా అడగదు. దానికి నా మీద కోపం తగ్గలేదు. నాకూ తగ్గలేదు.