పుల్లయ్య కారుకు కొత్త గ్యాసు

మైదుకూరులో కార్ల ఏసీలు బాగుచేసే లేవికి ఒక పట్టింపు ఉంది. పైపుల్లోని గాలంతా మోటారుతో లాగేశాక గేజి బిగించి, అన్నానికి కూర్చుంటాడు. తిని లేచేసరికి ముల్లు ఉన్నచోటే ఉండాలి. వెంట్రుకవాసి కదిలినా గ్యాసు ఎక్కించడు. కర్నూలులో పని నేర్చుకున్న నాటి నుంచి ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి. భార్య జీవమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తినడానికి అతను తొందరపడిన రోజూ లేదు.

ఆ శనివారం షెడ్డులో ఉన్నది పుల్లయ్య కారు. పాతికేళ్లు దాటింది. దానికి పట్టే పాత రకం గ్యాసు ఓజోన్ పొరకు చేటని ఎప్పుడో ఆపేశారు. కొత్త గ్యాసు పట్టాలంటే లోపలి నూనె కడిగేసి వేరే నూనె పోయాలి, అతుకుల దగ్గర రబ్బరు రింగులు, తేమ పీల్చే డబ్బా మార్చాలి. నిన్నటి నుంచి లేవి చేసింది ఆ పనే.

తొందరంతా పుల్లయ్య కోడలు మధులతది. ఆమె కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. సెలవు అయిపోయింది, రేపు ఏడు నెలల పాపతో కర్నూలు చేరాలి. భర్త డ్యూటీ దిగి వచ్చి బయల్దేరేసరికి మిట్టమధ్యాహ్నం. మే నెల, మూడు గంటల దారి. పాప మెడ నిండా ఇప్పటికే చెమటకాయలు.

"అన్నా, ఈ గ్యాసు లోపలికి లీకైతే పాపకేమన్నా అవుతాదా?" అని పాపను భుజాన వేసుకుని మూడోసారి అడిగింది.

"లీకుంటే నేను ఎక్కించను గదమ్మా. దానికే ఈ కూచోవడం."

"కొందరు వంటగ్యాసు ఎక్కిస్తారంట."

"ఆ కారులో ముందు వాళ్లను కూచోమను," అంటూ లేవి తిన్న రొట్టెల డబ్బా మూసి లేచాడు.

ముల్లు రెండు గీతలు జరిగింది.

"అంత చిన్నదానికేమప్పా, ఎక్కిచ్చెయ్. కర్నూలు దాకా వస్తాది," అన్నాడు కారు పక్కనే నిలబడ్డ పుల్లయ్య.

"చంటిబిడ్డ ఎక్కే కారు, పెద్దాయనా. రేపు ఆదివారం, షెడ్డు తీయను. ఏం చేసినా ఈ పొద్దే."

అతుకులన్నీ మళ్లీ తడిమాడు. కొత్త రింగులు బిగువుగానే ఉన్నాయి. ఏమీ తోచక లోపల కూర్చుని ఫ్యాను తిప్పాడు. గాలితో పాటు ఒక గడ్డిపోచ ఎగిరొచ్చి ఒళ్లో పడింది. దాన్ని తీసి వాసన చూశాడు.

"పెద్దాయనా, ఈ కారులో ఏమేస్తాండావు?"

పుల్లయ్య మనవరాలి వైపు చూపు తిప్పుకున్నాడు. "మామిడికాయలు. బనగానపల్లె నుంచి తెచ్చినప్పుడల్లా ఎనక సీట్లో గడ్డి పరిచి మాగేస్తా. అద్దాలు బిగిస్తే ఎండకు నాలుగు రోజుల్లో పండుతాయి."

"మూడేళ్లుగా నాకు పంపిన పండ్లు ఇందులోవేనా మామా?"

"శానా తియ్యగుండాయని నువ్వే అంటివి."

లేవి డాష్‌బోర్డు కింద చెయ్యిపెట్టి గుప్పెడు గడ్డి, ఎండిన టెంక ఒకటి లాగాడు. ఎలుకల గూడు. అవి తిరిగిన దారినే బానెట్ కిందికి టార్చి పట్టుకుని వెతికితే, రబ్బరు గొట్టం అడుగున సూదిమొనంత పంటిగాటు.

గొట్టం మార్చి, గాలి లాగి, గేజి బిగించేసరికి నాలుగైంది. తినడానికి మాత్రం డబ్బాలో ఏమీ మిగల్లేదు. పుల్లయ్య డిక్కీలోంచి మూడు పండ్లు తెచ్చాడు. ముగ్గురూ నిదానంగా తిన్నారు. టెంకలు చీకడం అయ్యేదాకా ముల్లు కదల్లేదు.

పాత గ్యాసు పట్టే బరువు కంటే కొంచెం తక్కువగా తూచి కొత్తది ఎక్కించి, ఏసీ వేశాడు లేవి. మధులత పాపతో వెనక సీట్లో కూర్చుని, జ్వరం చూసే థర్మామీటరును గాలికి పెట్టింది. అంకె రాలేదు.

"ఇంత చల్లదనం దానికి అందదమ్మా. పాప మెడ తాకి చూడు," అన్నాడు లేవి.

తాకింది. మెడ పొడిగా ఉంది. పాప పిడికిలి వదిలేసి నిద్రపోతోంది. మధులత థర్మామీటరును సంచిలో పడేసింది.

ఇంకో మెకానిక్ పొరబాటున వేరేది ఎక్కించకుండా, కొత్త గ్యాసు పేరు, తేదీ రాసిన చీటీని లేవి బానెట్ లోపల అతికిస్తున్నాడు. పుల్లయ్య వచ్చి పక్కన నిలబడి గొంతు తగ్గించాడు.

"మరి ఈ ఏడాది మిగతా కాయలు యాడ మాగేయాలప్పా?"

లేవి చీటీ కింద ఇంకో వరుస చేర్చాడు: కాయలు పెట్టరాదు.