ఎర్రగుడ్డ కట్టిన గంజు

బాస్కెట్‌బాల్ జట్లు ఓడిపోవడానికి లోకంలో చాలా కారణాలున్నాయి. ఎదుటివాళ్లు పొడుగై ఉండవచ్చు, రిఫరీకి చత్వారం ఉండవచ్చు. మా వికారాబాద్ పిల్లల జట్టు మాత్రం బిర్యానీ చేతిలో ఓడిపోయింది. ఆ బిర్యానీకి సేనాపతిని నేను. నాలుగేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు అరవై ఎనిమిదే. ఉడుకు రక్తం, తెలిసీ తెలియని వయసు, క్షమించాలి.

ముందు మా వంశం గురించి. నేను కబడ్డీ. కూతకు వెళితే పరిగిలో పట్టిన ఊపిరి పూడూరులో వదిలేవాణ్ని. నా కొడుకు వాలీబాల్, కోడలు ఖోఖో. మా పిల్లి సైతం గోడ దూకే ముందు నాలుగడుగులు వెనక్కి వెళ్లి ఉరికి వస్తుంది. ఇక మనవరాలు శ్రావణి అప్పుడు తొమ్మిదో తరగతి, బడి బాస్కెట్‌బాల్ జట్టుకు కెప్టెన్. ఆ పిల్ల విసిరితే బంతి రింగుకు తగలకుండా వలలోంచి జారిపోయేది. అంతకు ముందటేడు జిల్లా జట్టు ఎంపికల నాడే మడమ బెణికి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఆ ఏడు గడిస్తే ఆ జట్టుకు వయసు దాటిపోతుంది. తాండూరులో ఒక బడితో మ్యాచ్ పెట్టారు. ఎంపిక చేసే మేడం వచ్చి చూస్తుంది, ఆట అయ్యాక పేర్లు చదువుతుంది. ఉన్న అవకాశం అదొక్కటే.

కొడుక్కూ కోడలికీ సెలవు దొరకలేదు. పిల్లల వెంట పెద్దదిక్కుగా నన్ను పంపారు. వానరాన్ని అరటితోటకు కాపలా పెట్టడం ఇంతకన్నా నయం.

తాండూరు స్టేషన్లో దిగగానే నాకు అనుమానం మొదలైంది. ఆ బడి పిల్లలు ఎదురొచ్చి మా సంచులు మోశారు. ఎందుకు మోయాలి, మీరే చెప్పండి. బడికి చేరగానే నీడలో కుర్చీలు వేశారు. చల్లటి మజ్జిగ ఇచ్చారు. నేను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని పరీక్షిస్తుంటే శ్రావణి చూసింది.

"తాతా, అది మజ్జిగనే. తాగు."

"గింత మర్యాద ఎందుకు బిడ్డా? వీళ్ల మనసుల ఏమున్నదో."

"ఎండ ఉన్నదని ఇచ్చిన్రు."

పసిపిల్ల, దానికేం తెలుసు. నా అనుమానానికి మూలం ఉంది, చెప్పేస్తాను. మా రోజుల్లో బయటి ఊరి కబడ్డీ జట్టు వస్తే మేమూ ఇలాగే సంచులు మోసేవాళ్లం. ఆ తర్వాత కూర్చోబెట్టి మాంసం, నెయ్యి, భక్ష్యాలు వద్దన్నకొద్దీ వడ్డించేవాళ్లం. పాపం, కూతకు వచ్చేసరికి వాళ్ల నోట కబడ్డీకి బదులు త్రేన్పు వచ్చేది. నా ఊపిరి గురించి పైన రాసిందాంట్లో సగం అబద్ధం, మిగతా సగం మా అమ్మ వంట. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. చుట్టాన్ని తిండితో పడగొట్టినవాడికి లోకమంతా వంటశాలగా కనిపిస్తుంది.

అందుకని వాసన పట్టుకుని నడిచాను. బడి వెనక రేకుల షెడ్డులో రెండు పెద్ద గంజులున్నాయి. మూతల మీద బరువుకు బండముక్కలు పెట్టారు. ఒక గంజు మెడకు ఎర్రగుడ్డ కట్టి ఉంది. వంట చేసే శాంతమ్మ, వడ్డించేవాళ్లకు గట్టిగా చెబుతోంది: "వికారాబాద్ పిల్లలకు ఎర్రగుడ్డ గంజుల నుంచే పెట్టుర్రి. ఇంకో దాన్ల నుంచి ఒక్క మెతుకు గూడ పెట్టొద్దు."

దొరికారు అనుకున్నాను. ఇంతకన్నా సాక్ష్యం ఏ కోర్టు అడుగుతుంది?

శాంతమ్మ టీ పట్టుకుని సార్ల దగ్గరికి వెళ్లింది. మిగతావాళ్లు విస్తళ్లకు వెళ్లారు. నేను ఆ గంజులను చెరో చేత్తో అమాంతం ఎత్తి, అటుది ఇటు, ఇటుది అటు... సరే, కాదు. నాకు నడుము నొప్పి. గుడ్డ ఒక్కటే విప్పి రెండోదానికి కట్టాను. ముడి మాత్రం గట్టిగానే వేశాను.

మా పిల్లల ముందు మూత తీస్తే మటన్ బిర్యానీ. ఒక్క క్షణం తడబడ్డాను. బరువు తిండి మా పిల్లలకు పెడతారని కదా నా భయం, మరి అది రెండో గంజులో ఎందుకుంది? కానీ అనుమానం పిల్లిలాంటిది, ఎటు విసిరినా కాళ్ల మీదే పడుతుంది. ఓహో, బలమైన తిండి తాము దాచుకుని మా పిల్లలను నీరసంతో ఓడించాలని చూశారన్నమాట. నేను ప్రతి విస్తరి దగ్గరా నిలబడి మరీ కొసరి వడ్డింపజేశాను.

"తాతా, ఆటకు ముందు గింత తినొద్దని సార్ చెప్పిండు," అంది శ్రావణి. మా బడి పీఈటీ సారు అప్పుడు కోర్టు దగ్గర రిఫరీలతో మాట్లాడుతున్నాడు.

"మీ సార్ కబడ్డీ ఆడిండా? నేను ఆడిన. తిను."

ఆట మొదలైంది. అంటే, తాండూరు పిల్లలకు మొదలైంది. వాళ్లు ఇంటి దగ్గరే ఏదో కొంచెం తిని వచ్చారు, జింకల్లా ఉరుకుతున్నారు. మావాళ్లు పెళ్లి భోజనం చేసి బస్సు కోసం నిలబడ్డ చుట్టాల్లా ఉన్నారు. శ్రావణి ఎగరాలని చూసింది, భూమి వదల్లేదు. మధ్యలో నీళ్లకు నా దగ్గరికి వచ్చి, "తాతా, బాల్ చేతుల లేదు, కడుపుల ఉన్నట్టున్నది," అంది.

"నీళ్లల్ల ఏమన్న కలిపిన్రేమో బిడ్డా."

"నీళ్లు నువ్వే తెచ్చినవ్, ఇంటికాడికెల్లి."

స్కోరు చెప్పను. చెబితే తాండూరులో మళ్లీ చప్పట్లు కొడతారు.

ఆ తర్వాత సార్లు, మేడం భోజనానికి కూర్చున్నారు. వాళ్ల కోసం మూత తీస్తే పెసరపప్పు పులగం. శాంతమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "మీ పీఈటీ సారే ఫోన్ జేసి పిల్లలకు తేలికగ పెట్టమన్నడు. పులగం వండి, గుర్తుకు గుడ్డ కట్టిన. సార్ల బిర్యానీ ఎవరు తిన్నరు?"

అందరి తలలూ మా పిల్లలవైపు తిరిగాయి. సరిగ్గా అప్పుడే మా జట్టులో ఒకమ్మాయి త్రేన్చింది. వీళ్లే గుడ్డ మార్చి ఉంటారని ఆ బడి సారొకరు అన్నాడు. మా సారు కూడా మా పిల్లలను అనుమానంగా చూశాడు. మేడం పేర్లు రాస్తున్న పెన్నుకు మూత పెట్టేసింది. ఇట్లాంటి పిల్లలను జిల్లా జట్టుకు ఎట్లా పంపుతామని అడిగింది.

శ్రావణి ముందుకొచ్చింది. "పెట్టింది తిన్నం మేడం. గంజులు మేం ముట్టలే."

మరి ఎవరు ముట్టారని అందరూ చుట్టూ చూశారు. నేనూ చూశాను. ఒక కుక్క కనిపించింది. కుక్క ముడి వేయలేదు కదా అని ఊరుకున్నాను. ఇంతలో శ్రావణి గోడవైపు తిరిగి, జెర్సీ అంచుతో ముఖం తుడుచుకుంది. ఎవరు తవ్వుకున్న గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తవ్విన గోతిలో నా మనవరాలు పడింది, వెనకాలే జట్టు మొత్తం పడింది, నేను మాత్రం గట్టున క్షేమంగా ఉన్నాను.

"గుడ్డ నేను మార్చిన," అన్నాను.

"ఎందుకు పెద్దాయనా?" అంది మేడం.

"మీరు మా పిల్లలకు అన్యాయం జేస్తరని."

"ఏం అన్యాయం?"

"అది ఇంకా తెల్వలే మేడం."

ముందు శాంతమ్మ నవ్వింది. తర్వాత సార్లు. మేడం మాత్రం నవ్వకుండా, ఆట చూసి ఈ పిల్లలకు దమ్ము లేదనుకుని అప్పుడే పేర్లు కొట్టేశానని చెప్పింది. మర్నాడు పొద్దున వికారాబాద్ గ్రౌండుకు తనే వస్తానంది. "పరిగడుపున రమ్మనండి. మీరు గేటు అవతల ఉండండి."

ఉన్నాను. గేటు సందులోంచి చూశాను. శ్రావణి ఉరికిన ఉరుకుకు నాకే ఆయాసం వచ్చింది. బంతి విసిరిన ప్రతిసారీ వల మాత్రమే కదిలింది. మేడం జిల్లా జట్టులో మొదట చదివిన పేరు దానిదే. పట్టలేక గేటు దాటి లోపలికి వెళ్లి, మేడంకు రెండు చేతులా దండం పెట్టాను. ఆమె అప్పుడే టిఫిన్ డబ్బా తెరిచి ఇడ్లీ తుంచుతోంది. నన్ను చూసింది. తిరిగి దండం పెట్టలేదు. చేతిలోని ఇడ్లీ డబ్బాలో వేసి, మూత బిగించి, దాన్ని ఒళ్లో పెట్టుకుని, అప్పుడు పెట్టింది.

కనుక అనంతగిరి పద్మనాభస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో పరాయి గంజును, దాని మూతను, మెడను, మెడకున్న గుడ్డను తాకను. మా ఇంటి గంజుల విషయంలో ప్రమాణం అక్కర లేకపోయింది. మ్యాచ్ ఉన్న రోజున కోడలు వంటింటికి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంటుంది.