చెక్కమీద కొళాయి

మా బళ్ళో మేము పని నేర్చుకున్న కొళాయికి నీళ్ళు రావు. దాన్ని ఒక చెక్కకి బిగించారు. రెండువేల ఐదు ప్రాంతంలో, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నేను పదకొండో తరగతి చదువుతున్నాను. శనివారాలు మాకు చేతిపనుల క్లాసు ఉండేది. ఫ్యూజు వైరు వెయ్యడం, బొత్తాం కుట్టడం, కొళాయికి వాషరు మార్చడం, కొత్తవాళ్ళతో బెరుకు లేకుండా మాట్లాడటం, ఇవీ పాఠాలు. రేపు ఎవరి బతుకు వాళ్ళు బతకాలి కదా అనేవారు మాస్టారు.

ఒకసారి ఆయన ఇంట్లో ఏదో ఒకటి బాగుచేసి రమ్మన్నారు. క్లాసంతా ఖాళీ చేతులతో వచ్చాం. రైల్వే క్వార్టరులో మేకు ఊడినా మనం ముట్టుకోం, కంప్లయింటు ఇస్తాం. డిపార్టుమెంటు మనుషులు వస్తారు, అమ్మ టీ పెడుతుంది. మా తాతల నాటినుంచీ అదే వరస. మాస్టారికి ఒళ్ళు మండి, రైల్వే మీతో శ్మశానం దాకా వస్తుందా అని హిందీలో కసిరారు. మేమందరం నవ్వాం. మా పెద్దవాళ్ళకి వస్తుందనే నమ్మకం మరి!

మరుసటేడు నాన్న రిటైరయ్యారు. నేను లేకలేక పుట్టినదాన్ని, అప్పటికి పన్నెండో తరగతిలో ఉన్నాను. గూడ్సు గార్డుగా ఎన్ని రాత్రులు బండి చివర ఒంటరిగా గడిపారో! ఆ మనిషి క్వార్టరు ఖాళీ చేసి ఊరి చివర మోప్కాలో కట్టుకున్న ఇంటికి వచ్చాక బిక్కచచ్చిపోయారు. నెల తిరగకుండా పెరట్లో కొళాయి కారడం మొదలుపెట్టింది.

నాన్న సైకిలు తీసి పాత కాలనీ ఆఫీసుకి వెళ్ళి కంప్లయింటు ఇచ్చి వచ్చారు. అక్కడి గుమాస్తా మొహమాటానికి కాబోలు, మనుషుల్ని పంపిస్తామన్నాడట. ఇక రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చునేవారు. డిపార్టుమెంటు వాళ్ళొస్తే బనీనుతో ఉంటే ఏం బాగుంటుందని.

"బళ్ళో నేర్చుకున్నావు కదే, నువ్వయినా సూడు" అంది అమ్మ నాతో.

"ముట్టకు! కంప్లయింటు ఇచ్చీసేను. మనుషులొస్తారు" అని నాన్న కేకేశారు.

ఎవరొస్తారు? ఇది రైల్వే ఇల్లా? అడుగుదామని నోటిదాకా వచ్చేది. ఆ చొక్కా చూసి మింగేసేదాన్ని. బాగుచేస్తే ఒక బాధ, ఊరుకుంటే ఒక బాధ. ఎగదీస్తే బ్రహ్మహత్య, దిగదీస్తే గోహత్య అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. బక్కెట్టు నిండుతూనే ఉండేది. అమ్మ పారబోస్తూనే ఉండేది. ఆఖరికి అమ్మకి నడుం పట్టేసింది.

ఆ మధ్యాహ్నం నాన్న కునుకు తీస్తుంటే పక్కింట్లో పానా అడిగి తెచ్చాను. ట్యాంకు కట్టేసి కొళాయి తిప్పబోతే కదిలితేనా! చెక్కమీది కొళాయికి తుప్పు లేదు మరి. చెయ్యి గీరుకుపోయింది, మొహమంతా నీళ్ళు. మొత్తానికి పాత వాషరు తీసి కొత్తది వేశాను. కారడం ఆగిపోయింది. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం గర్వపడ్డాను.

చుక్కల చప్పుడు లేకపోయేసరికి నాన్నకి మెలకువ వచ్చింది. గబగబా చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ పెరట్లోకి వచ్చారు. అంత వెలుగు ఆ మొహంలో రిటైరయ్యాక నేను చూడలేదు.

"వచ్చేరా? ఎవులొచ్చేరు? టీ ఇచ్చేవా వాళ్ళకి?"

"ఎవులూ రాలేదు నాన్నా. నేనే బిగించీసేను."

ఆయన కొళాయి విప్పి, కట్టి, మళ్ళీ విప్పి చూశారు. తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో!

"అచ్ఛా" అన్నారు. కొళాయి కట్టేసి, "అయితే ఇంకెవులూ రారన్నమాట" అన్నారు.

శనివారం క్లాసులో చెబితే మాస్టారు పొంగిపోయి, నన్ను ముందు నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించారు. నాకు ఏడుపొచ్చింది, సంతోషమనుకున్నారు. ఇంటికొచ్చేసరికి నాన్న బనీనుతో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. చొక్కా ఇస్త్రీ మడత విప్పకుండా కుర్చీ మీద అలాగే ఉంది.